ఊదా కొసలు, ఆకుపచ్చ కొసలు

మా దీవిలో డైరీ ఫార్మ్ అనే పేటలో మా నాన్నది బట్టల దుకాణం. చీర అంచు వేళ్ళ మధ్య నలిపి నేత ఏదో చెప్పే ఇంట్లో పెరిగాను కనుక, సీ ఎనిమోన్లను కూడా కంటిచూపుతో తేల్చేయగలననుకున్నాను. సముద్రంలో రాళ్ళకు అంటుకుని పువ్వులా చేతులు విప్పే ఆ జంతువుల మీదే నా పరిశోధన. ఒకే పగడపు దిబ్బ మీద కొన్నిటికి చేతుల కొసలు ఊదా, కొన్నిటికి ఆకుపచ్చ. అవి రెండు జాతులని, వాటిలో ఒకటి ఇంతవరకూ ఎవరూ గుర్తించనిదని మా గైడ్ మేడంకు గట్టిగా చెప్పాను. థీసిస్‌లో ఒక అధ్యాయమంతా ఆ మాట మీదే నిలబడింది.

డీఎన్ఏ కోసం ఒక్కోదాని చేతి కొస గోరంత కత్తిరించాను. తక్కువలో పని కానిచ్చేయడం మా వంశాచారం. తీరా వచ్చిన ఫలితం ఎనిమోన్‌ది కాదు, ఆ చేతుల లోపల కాపురముండే సూక్ష్మమైన నాచుది. అద్దెకున్నవాడి ఆధార్ కార్డు చూసి ఇంటి ఓనరు పేరు రాసుకున్నట్టయింది.

ఈసారి నాచు అంతగా చేరని చోటు, అంటే రాయిని పట్టుకునే పాదం నుంచి ముక్క తీశాను. మేము చదివిన జన్యువు రెండు రంగుల్లోనూ అక్షరం తేడా లేకుండా ఒక్కటే.

"వేరే జాతి కాకపోతే పోనీ మేడం, ఉపజాతి అనుకుందామా?"

"ఇంకా ఎంతకి దిగుతావు?"

"మీరెక్కడ ఆపితే అక్కడికి."

ఆవిడ నవ్వింది. "రెండూ ఒకటేనని కూడా రాసేయకు. ఎనిమోన్లలో ఈ జన్యువు చాలా నెమ్మదిగా మారుతుంది. వేరు వేరు జాతుల్లోనూ ఒకేలా ఉండొచ్చు. తేలాలంటే వేరే జన్యువులెన్నో చదవాలి. నీ గడువులో అయ్యే పని కాదు. ఉన్నంతవరకూ రాసుకురా, అధ్యాయం ఉంచాలో తీసేయాలో చూద్దాం."

రెండూ వేరని గానీ, ఒకటేనని గానీ ఈ ఆధారంతో చెప్పలేమని రాశాను. రాయడానికి వారం పట్టింది. నాన్నకు చెబితే గుడ్డ మడతపెడుతూ ఆగిపోయాడు.

"ఏటమ్మా, ఇన్నేళ్ళు సదివి మాలూమ్ నై అని రాసేవా? అలగంటే కస్టమర్ పక్క దుకాన్‌కి పోడా?"

"తెలీకుండా తెలుసంటే డిగ్రీయే పోద్ది నాన్నా."

మేడం చదివి అధ్యాయం ఉంచమంది. శీర్షికలో 'కొత్త జాతి' అన్న మాట మాత్రం కొట్టేసింది.

"ఆ మాట ఉంచి, పక్కన ప్రశ్న గుర్తు పెడదామా మేడం?"

పెన్ను నా చేతికిచ్చి, పెట్టుకోమంది.