భోజనశాల అద్దం పగలగొట్టినదెవరు?

మా మేనత్త అబద్ధాలకోరు. ఇది నింద కాదు. ముగ్గురు సభ్యుల సంఘం ఎదుట, నా సమక్షంలో, ఎవరి బలవంతమూ లేకుండా ఆమె స్వయంగా అంగీకరించిన వాస్తవం.

అత్త వృత్తిరీత్యా గైడు. శని, ఆదివారాల్లో ఉదయం ఏడూ నలభై రైల్లో ముప్పైమందిని ఎక్కించుకుని, నది వెంబడి మూడు స్టేషన్లలో దిగి, మూడు పాత భవంతులు చూపించి, సాయంత్రానికి అందరినీ నగరంలో దించుతుంది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కనుక లైను పొడుగునా ఆమె పేరు ఈలమ్మ. యాభై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు మొరాయిస్తాయి, గొంతు మాత్రం మొరాయించదు.

ఆ భవంతులు కట్టిన వంశాలు చేసిన ఘనకార్యమల్లా, ఏటి ఒడ్డున మంచి చోటు అందరికంటే ముందు ఆక్రమించడం. నేను చదివిన న్యాయశాస్త్రంలో దీనికి వేరే పేరుంది. అత్త మాత్రం "వారసత్వ సంపద" అంటుంది, అలా అనమని కాగితంలో రాసి ఇచ్చారు కనుక.

గైడుల కథలన్నీ రైలు వేళలకు కొలిచి కుట్టినవే. రైలు సమయానికి వస్తే ఒక్కో గదికి నాలుగు నిమిషాలు. ఆలస్యమైతే ఎంతసేపయినా సాగదీయాలి. అందుకోసం ప్రతి భవంతిలోనూ ఒక "సాగుడు గది" ఉంటుంది. రెండో భవంతిలో సాగుడు గది భోజనశాల. అక్కడ గోడంత అద్దం, దానికి కింది మూల నుంచి పైదాకా ఒక పగులు. ఇరవై ఏళ్ళ కిందట ఒక వానరోజు తరువాతి రైలు నలభై నిమిషాలు ఆలస్యమైంది. అత్త దగ్గర ఉన్న చరిత్ర యావత్తూ పావుగంటలో అయిపోయింది. అప్పుడెవరో అడిగారు, "ఆ పగులేంటండీ?" అని.

అత్త తడుముకోలేదు. విందులో దొర పులుసు చల్లారిందని అతిథుల ముందు వంటమనిషిని తిట్టాడట. ఆవిడ గరిటె పట్టుకుని మేడ మీదికొచ్చి, "వేడిగా కావాలంటే వంటింట్లోకొచ్చి తిని చావు" అని విసిరిందట. గురి దొరమీద, తగిలింది అద్దానికి. జనం చప్పట్లు కొట్టారు. ఆ తరువాత ఏ శనివారమూ ఆ గరిటె గాలిలోకి లేవకుండా ఉండలేదు.

ఈ సంవత్సరం ఆ రెండో భవంతి వారు చరిత్ర పుస్తకం అచ్చువేశారు. గైడులందరూ దానిమీద పరీక్ష రాయాలి, భవంతి విషయంలో ఒక్క తప్పు రాసినా మెడలోని గైడు అనుమతి బిళ్ళ పోతుంది. బిళ్ళ లేనివాళ్ళు ఆ లైనులో ఈల ఊదడానికి వీల్లేదు. అత్త పుస్తకం తిరగేసి, అరవై రెండో పేజీ దగ్గర దాన్ని గోడకేసి కొట్టింది. ప్రేమలో విఫలుడైన చిన్నదొర మధుపాత్ర విసిరి అద్దాన్ని పగలగొట్టాడని అక్కడ రాసి ఉంది.

"నా వంటమనిషిని తీసేసి ఆ వెధవని పెట్టారేంటే!" అంది.

ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. అత్త కథను మరో గైడు ఎత్తుకున్నాడు, అతని నోట్లో గరిటె పాత్రయింది, మరొకరి నోట్లో వంటమనిషి దొరబిడ్డ అయింది. చివరికి ఆ వంశమే విని, అవునుగదా అనుకుంది. అద్దం పగలగొట్టినదెవరన్న పద్నాలుగో ప్రశ్నకు అత్త "వంటమనిషి" అని రాసి వచ్చింది. వారం తిరగకుండా సంజాయిషీ నోటీసు వచ్చింది.

నాకు పట్టా వచ్చి ఏడు నెలలు. ఇంతకంటే మంచి కేసు దొరుకుతుందా?

"అత్తా, కథ నీది. వాళ్ళు కాజేసి, పైగా పాడుచేశారు. దావా వేద్దాం."

"కథ నేనే అల్లానని చెప్పాలిగా?"

"చెప్పాలి."

"ఇరవై ఏళ్ళు జనానికి అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలిగా?"

"అదీ చెప్పాలి."

"అప్పుడు బిళ్ళ ఉంచుతారా, నీ మొహం! ఎందుకు చదివించాడే మీ నాన్న నిన్ను?" అని, మళ్ళీ "శని, ఆదివారాలు లేకపోతే మిగతా ఐదు రోజులూ దేనికోసం బతకనే?" అంది. అది మాత్రం వేళాకోళం కాదు.

విచారణ భవంతి కార్యాలయంలో జరిగింది. ఒకప్పుడది గుర్రాలశాల. వాసన పోయింది, వైఖరి పోలేదు. అధ్యక్షుడు ఆ వంశపు వారసుడు. పక్కన పుస్తకం రాసిన కార్యదర్శి. మూడో ఆయన రైల్వే ప్రతినిధి, వచ్చింది మొదలు కునుకుతున్నారు.

"ఆధారాలేవి?" అన్నాను నేను, కూర్చోకముందే.

"కుటుంబ సంప్రదాయం," అన్నారు కార్యదర్శి.

"అంటే కాగితం లేదు."

"మీ అత్తగారి దగ్గరుందా?"

నేను నోరు తెరిచేలోగా అత్త నా మోచెయ్యి గిల్లింది.

"ఎందుకండీ ఈ గొడవ? అది పగలగొట్టింది నేను," అంది.

రైల్వే ప్రతినిధి కళ్ళు తెరిచారు.

"పంతొమ్మిదేళ్ళప్పుడు. మా అమ్మ ఇక్కడ గదులు తుడిచేది, నేనూ వెంట వచ్చేదాన్ని. దీపాలు తుడుస్తుంటే నిచ్చెన జారింది. మీ నాన్నగారు ఊళ్ళో లేరు. అమ్మ భయపడి బీరువా లాగి అడ్డం పెట్టింది. ఆ బీరువా జరిపేసరికి మా అమ్మ పోయి మూడేళ్ళయింది. అప్పటికి పగులు ఎప్పటిదో ఎవరికి తెలుసు? వంటమనిషీ లేదు, చిన్నదొరా లేడు. ఉన్నదల్లా తడిగుడ్డ పట్టుకున్న ఒక మొద్దుపిల్ల."

నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. తన కక్షిదారు తనకే నిజం చెప్పలేదని న్యాయవాది గ్రహించే క్షణం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. తేరుకుని, "నష్టపరిహారం కోరే గడువు ఎన్నడో దాటిపోయింది, మనవి చేస్తున్నాను," అన్నాను.

అధ్యక్షుడు అత్త జవాబు పత్రాన్ని ఆమె ముందుకు తోశారు. "అమ్మా, పుస్తకం మూడువేల ప్రతులు అచ్చయింది. పద్నాలుగో జవాబు దిద్దండి చాలు. ఇవాళే బిళ్ళ ఇచ్చేస్తాం."

అత్త కలం తీసుకుంది. ఇరవై ఏళ్ళుగా అబద్ధమాడిన మనిషి ఇంకొక్కటి ఆడితే ఆకాశం ఊడిపడదని, ఆదర్శాలు వల్లించే నేనే ఆ క్షణంలో అనుకున్నాను. ఆమె "వంటమనిషి" కొట్టివేసి, దాని కింద "నేను" అని రాసింది.

తీర్పు నాలుగు రోజులకు వచ్చింది. నిజం చెప్పినందుకు శిక్షించలేక, పుస్తకం వెనక్కి తీసుకోలేక, పిరికివాళ్ళు సాధారణంగా చేసేదే చేశారు. బిళ్ళ కొనసాగుతుంది, కాని రెండో భవంతి ప్రాంగణంలో ఆమె నోరు విప్పరాదు. అక్కడ భవంతి గైడే మాట్లాడతాడు. అప్పీలు రాసి తెల్లారేసరికి ఆమె బల్లమీద పెట్టాను. అత్త చదవకుండా మడిచి నాకే ఇచ్చింది.

"ప్రాంగణం ఎక్కడిదాకానే?"

"గేటుదాకా."

"స్టేషను ఎవరిది?"

"రైల్వేది."

"ఇది చెప్పడానికి నీకు ఇన్ని కాగితాలు కావాలా?"

తరువాతి శనివారం నేనూ వెళ్ళాను. అత్త ముప్పైమందిని గేటు దగ్గర అప్పగించి, ప్లాట్‌ఫారం బెంచీమీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. గంట తరువాత వాళ్ళు చిన్నదొర ప్రేమకథ విని, ముక్కులు చీదుకుంటూ వచ్చారు. రైలు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. అత్త లేచి నిలబడి, నిచ్చెన జారిన వైనం మొదలుపెట్టింది. తడిగుడ్డ, గాజు చిట్లిన చప్పుడు, బీరువాను భుజంతో నెడుతూ నోరు మూసుకొమ్మని కళ్ళతోనే చెప్పిన అమ్మ. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన ఆవులించాడు.

"ఏమనుకోకండి గానీ, లోపల చెప్పిందే బాగుందండీ," అంది ఒక పెద్దావిడ.

నాకు ఒళ్ళు మండింది. అత్తకు మాత్రం మండలేదు.

"అది ఇరవై ఏళ్ళు నూరిన కథమ్మా," అంది ఆమెతో. "ఇది ఇవాళే మొదలెట్టాను. మళ్ళీ వారం రండి."

ఇంతలో రైలు వచ్చింది. అత్త తలలు లెక్కపెట్టి, ఒకటి తక్కువైందని నామీద అరిచింది.