బట్ట మీద ఊరి పేరు

ఈ సాయంత్రం నరసాపురం బజారులో బట్టల కొట్టు దగ్గర మాధవాయిపాలెం నేతగాడు వీరయ్యగారు కలిశారు. ఆయన నేసిన తెల్లబట్టను షావుకారుగారు వద్దన్నారట. ఇంగ్లండు మరమగ్గాల బట్ట ఓడల మీద వచ్చి చవగ్గా దొరుకుతోందట. కొట్లో ఉన్న ఆ సీమబట్ట మీది ఇంగ్లీషు ముద్ర చదవమని బడిపంతుల్నని నన్నడిగారు.

“మడపోలం అని ఉందండి. మీ మాధవాయిపాలెమే దొరల నోట అలా అయింది. మీ ఊరి బట్టకున్న పేరు చూసి వాళ్లూ అదే పెట్టుకున్నారు.”

వీరయ్యగారు ఆ బట్టను వేళ్లతో తడిమారు. “నేత బాగానే ఉందండి. అయితే ఆ అక్షరాలే నా బట్ట మీద కూడా రాసిపెట్టండి, పంతులుగారూ.”

రాశాను. అయినా షావుకారుగారు తల అడ్డంగా ఊపారు. వీరయ్యగారు బట్ట భుజాన వేసుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

ఇంగ్లీషు చదవడం వచ్చినందుకు బాధపడింది ఇవాళే. మీరైతే ఆ ముద్ర ఆయనకు చదివి చెప్పేవారా?