అంగుళానికి పది అడుగులు

మదనపల్లెలో బోర్డులు రాసే మునిరత్నం పని ముగించగానే కూలి అడిగేవాడు కాదు. ముందు రోడ్డు దాటి అవతల కూర్చుని, చదువొచ్చినట్టు కనబడే మొదటి మనిషిని ఆపేవాడు.

"అప్పా, ఆ బోర్డు సదువు."

ఆ మనిషి ఎక్కడా ఆగకుండా చదివితే పని అయినట్టు. తడబడితే మళ్లీ నిచ్చెన ఎక్కేవాడు. అక్షరం ఎత్తు అంగుళం ఉంటే పది అడుగుల దూరం నుంచి సుఖంగా చదవాలి, తొమ్మిది అంగుళాలైతే తొంభై అడుగులు. ఇది అతని లెక్క, ఎవరూ నేర్పింది కాదు. మూడో క్లాసులో బడి మానేసి గోడలకు సున్నం కొట్టే మేస్త్రీ దగ్గర చేరాడు. మిగతా చదువంతా గోడల మీదే.

పుంగనూరు అంగళ్లు, కుప్పం స్టేషను ఎదుటి కాఫీ హోటళ్లు, మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో వార్డుల పేర్లు, అన్నీ అతని చేతివే. మునిరత్నం అక్షరం గుడ్డోడికి కూడా కనబడతాదని అంగళ్లవాళ్లు అనేవాళ్లు. నలభై ఏళ్ల మనిషికి ఆస్తి అంటూ ఉన్నది ఆ మాట ఒక్కటే. భార్య రెడ్డెమ్మ మాత్రం, "నువ్వు రాసింది ఊరంతా సదువుతాది, నేను చెప్పింది నీకొక్కటీ ఇనబడదు" అనేది.

1946లో, యుద్ధం ముగిశాక, పటాలం వదిలించుకున్న కార్లూ లారీలూ బజారుకొచ్చాయి. పలమనేరు నుంచి వచ్చి మదనపల్లెలో స్థిరపడిన నారాయణస్వామి ఒక షెడ్డు వేసి కార్ల వ్యాపారం మొదలుపెట్టాడు. షెడ్డు మీదికి ఒకటి, పుంగనూరుకు ఒకటి, కుప్పానికి ఒకటి, మూడు బోర్డులు మునిరత్నానికి ఒప్పజెప్పాడు. నల్లరంగు మీద కారు బొమ్మ, దాని కింద పసుపుపచ్చని అక్షరాల్లో "కారు ధర రూ. 2,400 మాత్రమే". అన్నిటికీ అడుగున ఇంకో వరుస ఉండాలన్నాడు, పావు అంగుళం ఎత్తున, బూడిద రంగులో: "టైర్లు, ట్యూబులు వేరు."

మునిరత్నం కుంచె పక్కన పెట్టాడు.

"ఈ వరుస చీమలు సదవాల్నా సామీ?"

"చీమలే సదవనీ. రాసినామా లేదా, అంతే మనకు కావాల్సింది."

"బోర్డు పైన కొడితే మరక మాదిరి కనబడతాది."

"మరక మాదిరే రాయి మునిరత్నం. ఒకేసారి మూడు బోర్డులు ఎవడిస్తాడు నీకు?"

రాశాడు. ఆ మూడింటికి మాత్రం రోడ్డు దాటి ఎవర్నీ ఆపలేదు.

షెడ్డు మీది బోర్డు చూసి వచ్చినవాళ్లలో కృపావతి ఒకామె. మిషన్ ఆసుపత్రిలో పాతికేళ్లు నర్సుగా కాన్పులు చేసి, అక్కడ పని మానేశాక తంబళ్లపల్లె వైపు పల్లెలకు పోయి కాన్పులు చేస్తుండేది. బస్సు కోసం కాచుకునేలోపు బిడ్డ పుట్టేస్తున్నాడని కారు కొనాలనుకుంది. షెడ్డులో నీలం కారు ఒకటి నాలుగు టైర్ల మీద నిగనిగలాడుతోంది. రెండు వేల నాలుగు వందలూ కట్టి రసీదు తీసుకుంది. వారం తర్వాత డ్రైవరును వెంటబెట్టుకుని వెళ్తే అదే కారు నాలుగు బండరాళ్ల మీద నిలబడి ఉంది.

"కాళ్లేవప్పా దీనికి?"

"టైర్లు వేరమ్మా. బోర్డులోనే రాసి ఉండాము గదా."

యుద్ధం నాటి నుంచి టైర్లకు కరువు. నల్లబజారులో ఒక జత కొనడమే గగనం. నారాయణస్వామి స్టెప్నీతో కలిపి అయిదింటికి తొమ్మిది వందలు అడిగాడు.

"నీ ఇద్దరు బిడ్డల్నీ ఈ చేతులతోనే తీసినాను నారాయణస్వామీ. కాళ్లు వేరని చెప్పి ఇచ్చినానా?" అంది కృపావతి.

షెడ్డులో పనివాళ్లు నవ్వారు. నారాయణస్వామి నవ్వలేదు, టైర్లూ ఇవ్వలేదు. ఆమె మున్సిఫ్ కోర్టుకు వెళ్లింది. బోర్డు మీది ధరకే టైర్లతో సహా కారు ఇప్పించమని దావా. బోర్డులో అంతా స్పష్టంగా ఉంది, చదివి చూసుకోకపోవడం ఆమె తప్పు అని నారాయణస్వామి జవాబు. కాబట్టి అంతా వచ్చి ఆ కింది వరుస మీద ఆగింది. రాసినవాడికి సమన్లు వచ్చాయి.

వాయిదాకు ముందురోజు నారాయణస్వామి మునిరత్నం ఇంటికొచ్చాడు.

"అబద్ధం చెప్పమని నేను అడగను. నీ అక్షరం ఎట్లుంటాదో చెప్పు, చాలు. సదవలేని బోర్డు రాసినానని నీ నోటితో నువ్వే చెప్పుకుంటే, రేపు నీకు పని యాడ దొరుకుతాది?"

ఆయన వెళ్లాక మునిరత్నం చాలాసేపు కుంచెలు కడుగుతూ కూర్చున్నాడు. రెడ్డెమ్మ చూసి చూసి అంది: "రాసినోడివి నువ్వు. సదవలేదని ఆయమ్మను అంటావా?"

కోర్టులో మూడు బోర్డులూ గోడకు ఆనించి ఉన్నాయి. అన్నిచోట్లా ఒకటే రాయించామని చూపడానికి నారాయణస్వామే తెప్పించాడు. ఆయన వకీలు ఒక బోర్డు ముందు వంగి కింది వరుసను గడగడా చదివి, మునిరత్నం వైపు తిరిగాడు.

"నీ అక్షరం గుడ్డివాడికి కూడా కనబడుతుందని ఊళ్లో అంటారు. నిజమేనా?"

"అంటారు సామీ."

"అయితే ఈ వరుస కూడా చదవొచ్చు."

వెనక బల్ల మీద అంగళ్లవాళ్లు ముగ్గురు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ అతనికి పని ఇచ్చేవాళ్లే. మునిరత్నం వాళ్లను చూసి, మళ్లీ వకీలు వైపు తిరిగాడు.

"సదవలేరు సామీ. సదవకూడదనే రాయించినారు, సదవలేకుండానే నేను రాసినాను. నా పనిలో ఇంత సెడ్డ పని ఇంకోటి లేదు."

మున్సిఫ్ కలం కింద పెట్టాడు. "వకీలుగారు చదివారు కదా?"

"ఆయప్ప ముక్కు బోర్డుకు తగులుతా ఉండాది సామీ. పావు అంగుళానికి రెండున్నర అడుగులే దూరం. బోర్డు కొట్టేది పన్నెండు అడుగుల ఎత్తున. కార్లు కొనేవాళ్లకు నిచ్చెన కూడా ఇచ్చినారేమో నాకు తెలీదు."

కోర్టు గొల్లుమంది. మున్సిఫ్ అందర్నీ బయటికి నడిపించాడు. ఒక బోర్డును వరండా కప్పు అంచున కట్టమన్నాడు. మునిరత్నం మూడింటిలో ఒకటి తీసుకుని నిచ్చెన ఎక్కి కట్టాడు. మున్సిఫ్ రోడ్డు మీద నిలబడి కళ్లద్దాలు తుడుచుకుని ధర వరకు చదివాడు. అక్కడితో ఆగిపోయాడు.

"మా కక్షిదారు చదువుతాడు" అన్నాడు వకీలు.

నారాయణస్వామి ముందుకొచ్చి చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా గట్టిగా అప్పజెప్పాడు: "టైర్లు, ట్యూబులు వేరు."

"అయిపోయిందా?" అన్నాడు మున్సిఫ్.

"అంతే సార్."

"దించండి."

మునిరత్నం బోర్డు దించాడు. మున్సిఫ్ వంగి, వేలు పెట్టి చదివాడు: "టైర్లు, ట్యూబులు, బ్యాటరీ వేరు."

అది కుప్పం బోర్డు. అన్నిటికంటే ఆఖర్న రాయించింది. అప్పటికి నారాయణస్వామి ఆశ బ్యాటరీ దాకా పోయింది. తర్వాత ఆ మాట ఆయనే మరిచిపోయాడు. రాసినవాడు మరవలేదు.

"బ్యాటరీ కూడానా నాయనా!" అంది కృపావతి. ఈసారి మున్సిఫ్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

తీర్పు పొట్టిది. కొనేవాడు నిలబడే చోటు నుంచి చదవలేనిది చెప్పినట్టు కాదు. టైర్లతో నిలబెట్టి చూపిన కారును, బోర్డు ధరకే, టైర్లూ బ్యాటరీతో సహా పదిహేను రోజుల్లో అప్పగించాలి. కోర్టు ఖర్చులు నారాయణస్వామివి. నీలం కారు పన్నెండో రోజునే తంబళ్లపల్లె దారి పట్టింది.

మునిరత్నానికి నెలరోజులు కొత్త పని రాలేదు. తర్వాత మొదట పని తెచ్చింది నారాయణస్వామే. బజారులో ఎవరెదురుపడినా "బ్యాటరీ వేరా స్వామీ?" అని అడుగుతున్నారని, షెడ్డుకు మనిషి రావడం లేదని, మూడు బోర్డులూ మళ్లీ రాయమని అడిగాడు.

"రాస్తా. అన్ని వరుసలూ ఒకే ఎత్తు."

కొలతలు వేసి చూస్తే అన్ని వరుసలకూ చోటు చాల్లేదు. మునిరత్నం నల్లరంగు డబ్బా తెరిచి కారు బొమ్మ మీద కుంచె పెట్టాడు.

"ఏయ్, బొమ్మ యాల సెరిపేస్తాండావు? కారు లేకుండా కార్ల బోర్డు ఏంది?"

"కారు షెడ్డులో ఉండాది గదా సామీ" అన్నాడు మునిరత్నం, కుంచె ఆపకుండా. "ఈడ జనాన్ని మీ ధర సదువుకోనీ."