రెక్క మొదట్లో నల్లగీత

ఆ గ్లైడర్ రెక్కను చెడగొట్టింది నేనేనని మా బావ ఇప్పటికీ చుట్టాల ఇళ్లలో చెప్పుకుంటాడు. చెప్పుకోనీలే అని ఊరుకునే రకం కాదు నేను. అందుకే జరిగింది రాస్తున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. కరీంనగర్‌లో కార్లకు రంగులు వేసే షెడ్డు ఆయనది. పద్దెనిమిదేళ్లుగా అందులో పనిచేస్తున్నాను, నలభై దాటాను, అయినా గిరాకీకి వచ్చినవాళ్ల ముందు నన్ను 'మా పోరడు' అంటాడు. ఒక దసరా నాడు పనిముట్ల పూజలో నా చేతిలోంచి కొబ్బరికాయ గుంజుకుని, నెల కింద చేరినవాడికి ఇచ్చాడు. అదీ మరిచిపోలేదు.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. ఒక రిటైర్డు సారు పాతది కొని, ఆదిలాబాద్ శివార్లలో మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు గోదాములో పెట్టుకున్నాడు. ఫైబర్ గుడ్డతో చేసిన ఒళ్లు, దాని మీద కోడిగుడ్డు పెంకులా తెల్లటి గట్టి పూత. ఎండకు ఆ పూత పసుపెక్కి గరుకుదేలింది. దాన్ని రుద్ది మళ్లీ అద్దంలా చేయాలి. సారు మొదటిరోజే చెప్పాడు: "మిషన్ పెట్టొద్దు. చేత్తోనే రుద్దాలి. పూత అరిగి గుడ్డ బయటపడిందంటే పని పాడైనట్టే."

చేత్తో అంటే నా చేత్తో అని అర్థం. బావ పత్తి గోనె పరచుకుని కూర్చునేవాడు. నేను బారెడు చెక్కకు వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, అంటించి, నీళ్లు చల్లుకుంటూ, రెక్క పొడవునా ఏటవాలుగా రుద్దేవాణ్ని. గోదాములో గాలి వీచినప్పుడల్లా పత్తి నూగు లేచి తడి మీద అతుక్కునేది. మళ్లీ కడగడం, మళ్లీ రుద్దడం. ముతక కాగితం అయిపోయాక సన్నది, తర్వాత ఇంకా సన్నది. పదకొండో రోజుకు నా ఫోను నా వేలిముద్రను గుర్తుపట్టడం మానేసింది.

ఎత్తుపల్లాలు తెలియడానికి మేము పలచగా నల్లరంగు చిలకరించి రుద్దుతాం. మిట్ట మీది నలుపు పోతుంది, గుంటలో మిగులుతుంది. ఆ రోజు ఎడమ రెక్క ఒంటికి అతుక్కునే చోట వెంట్రుకంత నల్లగీత మిగిలింది. ఎంత రుద్దినా పోలేదు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి చుట్టూ తట్టాను. అంతటా టక్ టక్‌మని గట్టిగా మోగింది. గీత దగ్గర మాత్రం పగిలిన కుండలా బొదబొదమంది.

"బావా, గిది గీత గాదు. పగులు."

"పగులైతేంది? పుట్టీ పెట్టు."

కారు పనిలో మాకున్న జబ్బే అది. ఏ సొట్ట కనిపించినా పుట్టీ పెట్టి రుద్ది రంగేస్తాం.

"కారు బానెట్టు గాదు బావా. ఆ సారు దీంట్ల కూసోని పైకి పోతడు. తాడు గట్టి జీపుతోని గుంజితే బరువంతా గీడనే పడ్తదని ఆయననే చెప్పిండు."

"నువ్వెప్పుడు ఇంజినీరువైనవ్‌రా బామ్మర్దీ? ఏడో తరగతి రెండుసార్లు తప్పినోనివి."

రెండోసారి నాకు టైఫాయిడ్. అది ఆయనకు తెలుసు.

బిళ్ల తీసుకుని బావ కూడా తట్టాడు. ఆ మోత విని ఆయన ముఖం మారింది, నేను చూశాను. అయినా గొంతు తగ్గించి, "ఐతారం ఎగురుతనని సారు అందరికి చెప్పుకున్నడు. గిప్పుడు పగులంటే మనమే పగలగొట్టినమంటడు. నోర్మూసుకొని పెట్టు" అన్నాడు.

పెట్టనన్నాను. ఆయనే పెట్టాడు. అది ఆరగానే నేను రుద్ది తీసేశాను. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీసేశాను. మూడోసారి నేను కాగితం తడుపుతుండగా వెనక నుంచి చెక్కతో చెవి మీద కొట్టాడు. తలలో ఈల మొదలైంది. నేను తేరుకునేలోపు నా మెడ వంచి రెక్క మీద అదిమి, ముతక కాగితం తీసి నా చెంప మీద రుద్దాడు.

"ఇగో, గిది నీ ఫినిషింగ్. మెరుస్తదా? మెరుస్తదా చెప్పు!"

చెంప తోలు ఊడుతుంటే నొప్పి ముందు తెలియలేదు, చప్పుడు తెలిసింది. రెక్క మీది తెల్లటి నీళ్లు ఎర్రబడ్డాయి. ఆయన బొటనవేలు నా నోటి దగ్గరికి వస్తే ఎముక తగిలేదాకా కొరికాను. అరిచి వదిలాడు. కిందపడ్డ చెక్క అందుకుని ఆయన మూతి మీద కొట్టాను. ఒకసారి చాలు. రెండోసారి కూడా కొట్టాను. పద్దెనిమిదేళ్లు ఆ రెండో దెబ్బలో ఉన్నాయి, దాచడం దేనికి. ఆయన ముందుపండ్లు రెండు తడిసిన నూగులో పడ్డాయి.

ఆయన కూలబడ్డాడు. అప్పుడు నాకు ఒకటే తోచింది. నేను వెళ్లిపోతే ఈయన మళ్లీ పుట్టీ పెడతాడు. ఆదివారం సారు ఎగురుతాడు. బావ సంచిలో గ్రైండర్ ఉంది. సారు వద్దన్న మిషనే. తీసి ప్లగ్గు పెట్టి ఆ గీత మీద అదిమాను. తెల్లపొడి ముఖం నిండా, పచ్చి చెంపలోకి ఎగిరింది. పదకొండు రోజులు నేను అరచేతితో నిమిరి నునుపు చేసిన పూత చిటికెలో పోయింది.

ఆ మోతకే సారు లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"ఆపు! ఆపరా లంగా!" ప్లగ్గు పీకి, నా ఛాతీ మీద రెండు చేతులతో తోశాడు. వెళ్లి గోడకు కొట్టుకున్నాను.

"వీనికి పిచ్చి లేసింది సారూ," అన్నాడు బావ నెత్తురు ఉమ్ముతూ. "వద్దంటే ఇనలే. నన్ను సుత కొట్టిండు."

"ఒక్కపారి చూడు సారూ," అన్నాను. "చూసినంక తన్ను."

సారు వంగాడు. పొడి ఊదాడు. గుడ్డ పొర ఒకచోట ఉబ్బి పాలలా తెల్లబారి ఉంది. గోరు పెట్టి లాగాడు. అరచేయంత ముక్క ఉల్లిపొరలా, ఏ కష్టమూ లేకుండా ఊడివచ్చింది. దాని కింద గులాబీ రంగు పుట్టీ. కార్లకు మేము వాడేదే. ఆయన కొనకముందు ఎవరో పెట్టి, రుద్ది, పైన పూతేసి మూశారు. ఆ పుట్టీలో నా వేలు దూరేంత సందు ఉంది, లోపలికి ఎంత దూరం పోయిందో కనిపించలేదు.

సారు ఆ ముక్కను రెక్క మీద పెట్టాడు. తర్వాత జేబురుమాలు తీసి బావకిచ్చి, "నోరు గట్టిగా అదుముకో. ఆదివారం నేను పోవట్లేదు," అన్నాడు.

ఆ మాట బావతో అన్నాడు. పక్కనే గోడకు ఆనుకుని, చెంప మీది నెత్తురు చొక్కా కాలరుతో తుడుచుకుంటూ నేనూ ఉన్నాను.