ఐదు దిబ్బల అవతల

మా చర్చి బైబిలమ్మ ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే మనిషి. ఆవిడ ఒకే ఒక్క అబద్ధం ఆడేది.

అల్లూరు దాటి సముద్రం వైపు నడిస్తే ఐదు ఇసుక దిబ్బలు వస్తాయి. చిన్నవే గానీ మోకాళ్లు పట్టేసేంత నిటారుగా ఉంటాయి. వాటి అవతలి పాలెంలో మా విశ్వాసుల ఇల్లు ఒక్కటే ఉంది. ప్రతి డిసెంబరులో ఆ ఇంటికి కాగితం నక్షత్రం కట్టడానికి వెళుతూ నన్ను తోడు తీసుకెళ్లేది. చెప్పులు చేత్తో పట్టుకుని ప్రతి దిబ్బ మీదా ఆగి, "ఈ దిబ్బ దిగితే ఊరే" అనేది. దిగితే ఇంకో దిబ్బ.

చివరిసారి మూడో దిబ్బ మీద కూలబడిపోయింది. మంచుకు తడిసిన ఇసుక చల్లగా ఉంది.

"ఈ దిబ్బ దిగితే ఊరేనమ్మా" అన్నాను నేను.

"అబద్ధాలు చెప్పబాక. ఇంకా రెండుండాయి" అని నవ్వింది.

"మరి ఇన్నేళ్లూ మీరు నాకు చెప్పలా?"

"నీక్కాదులే పాపా. నువ్వు రాకముందు ఇరవయ్యేళ్లు ఒక్కదాన్నే నడిచినా. అప్పట్నుంచీ నాకు నేనే చెప్పుకుంటుండా."

ఆవిడ లేని ఈ డిసెంబరులో నక్షత్రం నేనే తీసుకెళ్లాను. మొదటి దిబ్బ మీదే ఆ మాట పైకి అనేశాను.