కాయలనుకున్నవి

అమ్మ సమాధి దగ్గర నాయన నాటిన చెట్టు మా సీమలో పెరిగేది కాదు. కదిరి నర్సరీలో క్రిస్మస్ చెట్టని చెప్పి ఇచ్చారు. మా ఊరు తనకల్లు ఎండలకు అది బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. పొద్దున్నే కూలికి పోయేముందు నాయన సైకిల్‌కు నీళ్ల క్యాన్లు కట్టుకుని వెళ్లి పోసి వచ్చేవాడు.

ఈ ఏడు దాని కొమ్మలకు గోధుమరంగు కాయలు వేలాడాయి. నాయన చర్చి దగ్గర కనబడినవాళ్లందరికీ చెప్పాడు.

"చెట్టు కాసినాదని ఊరంతా చెప్పుకుంటాండాడు. నువ్వు పుట్టినప్పుడు గూడా ఇంత చెప్పుకోలేదు మీ నాయన" అంది మా అత్త, ఆయన ముందే. నాయన నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం చూసింది అప్పుడే. ఆ రోజు డైరీలో నాయన నవ్వాడని ఒక్క మాటే రాశాను.

సెలవులకు వస్తూ అనంతపురం కాలేజీ లైబ్రరీ నుంచి సీతాకోకచిలుకల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. అందులో చలిదేశపు పైన్ అడవుల్లో బతికే ఒక తెల్ల సీతాకోకచిలుక ఉంది. రెక్కల మీద నల్లని గీతలు. ఎక్కువగా చెట్ల కొసల్లోనే ఎగురుతుందట. దాని ఆకుపచ్చ గొంగళిపురుగులు పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు తిని పెరుగుతాయి. అవి మరీ ఎక్కువైన ఏడు అడవికి అడవే బోడిగా నిలబడుతుందట. ఆ ఎండిన కొమ్మల బొమ్మను చాలాసేపు చూశాను. మా చెట్టూ ఒక పక్క అలాగే ఉంది. నీళ్లు చాలడం లేదేమో అనుకుంటూ వచ్చాం.

మరునాడు ఒక్కదాన్నే వెళ్లి ఒక కాయను చీల్చాను. అది కాయ కాదు. ఆకుముక్కలను దారంతో అల్లుకున్న సంచి. లోపల నల్లటి పురుగు ముడుచుకుని ఉంది. పుస్తకంలోని సీతాకోకచిలుక పిల్ల కాదు, వేరే జాతి. చేసే పని మాత్రం అదే.

నాయనకు చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకపోతే రెండో పక్కా పోతుంది. సాయంత్రం ఆయన్ను అక్కడికి తీసుకెళ్లి, ఇంకో సంచి చీల్చి ఆయన అరచేతిలో పెట్టాను.

"అన్నీ ఇంతేనా పాపా?"

"అన్నీ ఇంతే నాయనా."

తువ్వాలు నేలమీద పరిచాడు. పైకొమ్మలు ఆయన, కింది కొమ్మలు నేను. దారం గట్టిది, లాగితే కొమ్మ కూడా వంగి వచ్చేది. చీకటి పడేదాకా తెంపాం. సమాధుల గోడ అవతలికి తీసుకెళ్లి అన్నిటినీ కాల్చాడు.

ఆదివారం చర్చి బయట ఒకాయన అడిగాడు. "ఏమప్పా, కాయలు పండినాయా?"

"కాయలు గావన్నా, పురుగులు. మా పాప సూసింది."

"అయితే చెట్టు పోయినట్టేనా?"

"ఒక పక్క ఉండాది" అన్నాడు నాయన.