బంతిలో చోటు లేని పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు ఆ నమ్మకం లేదు, ఒంటికి సుఖంగా ఉంది.) మలికిపురంలో మా బాబాయిగారి స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిటింగు చేసేవాణ్ణి. కంప్యూటర్లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించింది నేనే. "ఇది ఏ పనైనా ముందు జర్నల్లో రాసుకుని మరీ చేస్తుందండీ. ఫైళ్ళు ముక్కలవడం అనే మాటే ఉండదండీ" అని కోతలు కోశాను. "ఆయ్" అన్నారు బాబాయిగారు. ఆయనకి నామీద అంత గురి.

దుబాయ్‌లో ఉద్యోగం చేసే ఓ పెళ్ళికొడుకు దగ్గర నా బండారం బయటపడింది. ఆదివారం అతని విమానం. శనివారానికల్లా వీడియో చేతిలో పెడతానని బాబాయిగారు మాటిచ్చేశారు. శుక్రవారం పొద్దున్న అతనికి చూపిద్దామని పెడితే మేళం మోగుతూనే ఉంది, తాళి పట్టుకున్న చెయ్యి మాత్రం గాల్లో ఆగిపోయింది. "ఏవండీ, నేను కట్టేనాండీ, లేదాండీ?" అన్నాడు పాపం.

చూస్తే ఆ ఫైలు వందల ముక్కలై డిస్కంతా చెదిరి ఉంది. జర్నలనేది ఉన్నట్టుండి కరెంటు పోతే ఫైళ్ళ అమరిక పాడవకుండా కాపాడడానికేననీ, ముక్కలకీ దానికీ సంబంధం లేదనీ అప్పుడు చదువుకున్నాను! ముక్కలు కలిపే ప్రోగ్రాము నడిపితే మధ్యాహ్నం దాకా ఆయాసపడి, ముక్కలన్నీ ఒకచోట పెట్టడానికి డిస్కులో చోటు లేదని చేతులెత్తేసింది.

క్యారేజీ తెచ్చిన పిన్నిగారికి నా గోడు చెప్పుకున్నాను. ఆవిడ నవ్వేరు. "ఓరి నీ అసాధ్యం కూలా! భోజనాల బంతి నిండిపోయేక ఒకే ఇంటివాళ్ళు ఆరుగురు ఒక్కసారి వస్తే ఏం చేస్తారు? ఖాళీ ఆకు ఎక్కడుంటే అక్కడ తలోచోటా కూర్చుంటారు. వడ్డించేవాడికి కాళ్ళు పడిపోతాయి. తినేసినవాళ్ళని లేపాలి గానీ, తింటున్నవాళ్ళని జరపడమేంట్రా?"

తినేసినవాళ్ళెవరా అని వెతికితే, నేనే! జాగ్రత్త కోసం నేను దాచుకున్న నకళ్ళు: 'ఫైనల్', 'ఫైనల్ రెండు', 'అసలు ఫైనల్', 'ఒట్టు, ఇదే ఫైనల్'. సగం డిస్కు వాటిదే. సిగ్గుతో చచ్చిపోతూ చెరిపేశాను. చోటు దొరికేసరికి అదే ప్రోగ్రాము పెళ్ళికొడుకుని ముక్క మిగలకుండా ఒక్కచోట కూర్చోబెట్టింది. శనివారం అతను వచ్చి, మూడో ముడి పడేదాకా ఊపిరి బిగబట్టి చూసి, "హమ్మయ్య, కట్టేనండీ!" అన్నాడు.

ఇప్పుడు అమలాపురంలో నాకూ ఓ స్టూడియో ఉంది. మొన్న బాబాయిగారి స్టూడియో నాటి పాత డిస్కు ఖాళీ చేస్తుంటే, ఎలా తప్పించుకుందో, ఒక 'ఒట్టు, ఇదే ఫైనల్' కనబడింది. ఆ పేరు పెట్టిన కుర్రాడి ధీమాకి ముచ్చటేసింది. చెరపబోయి ఆగిపోయాను. వాడింకా తింటున్నాడు, కూర్చోనీ.